గ్లోబ్ లైఫ్ ఫీల్డ్, ఆర్లింగ్టన్: అమ్మానాన్నల్ని బేస్‌బాల్‌కి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళ కోసం

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మన పిల్లలు అమ్మానాన్నలు రాగానే తిప్పే చోట్లు దాదాపు అన్ని ఇళ్ళలో ఒకటే. ఫ్రిస్కో హనుమంతుడి గుడి, కెనెడీని కాల్చిన వీధి, ఫోర్ట్‌వర్త్‌లో పొడుగు కొమ్ముల ఎద్దుల ఊరేగింపు, ఆపైన ఔట్‌లెట్ మాల్. వీటికి ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌ని కూడా కలపమని అడగడానికి ఇది రాస్తున్నాను. టెక్సాస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానం అది. ఆట గురించి బొత్తిగా తెలియని మా ఆవిడ కూడా ఒకసారి చూశాక, మళ్ళీ ఎప్పుడు వెళ్దామని తనే అడిగింది.

నేను అనంతపురం జిల్లాలో జెడ్‌పీ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఖోఖో, కబడ్డీలతో పాటు ఆడపిల్లలకి బేస్‌బాల్‌కి దగ్గరి ఆట సాఫ్ట్‌బాల్ నేర్పాను. మా జిల్లాలో సాఫ్ట్‌బాల్‌కి మంచి ఊపు ఉంది. పల్లెటూరి స్కూలు పిల్లలు స్టేట్ మీట్‌కి, అక్కడినుంచి నేషనల్స్‌కి వెళ్ళి వస్తుంటారు. కాబట్టి బేస్‌బాల్ నాకు పరాయి ఆట కాదు. మా ఆటలో బేస్‌కీ బేస్‌కీ (పరుగు తీసేవాళ్ళు చేరి ఆగే చోట్లు) మధ్య 60 అడుగులు, ఇక్కడ 90. మాది 7 ఇన్నింగ్స్, వీళ్ళది 9. మా పిచర్ చేతిని కిందినుంచి తిప్పి బంతి వదులుతుంది, వీళ్ళ పిచర్ భుజం మీదుగా విసురుతాడు. మిగతా లెక్కంతా దగ్గర దగ్గర ఒకటే. అమెరికాలో ఈ ఆట పని అయిపోయిందని, ముసలివాళ్ళు తప్ప ఎవరూ చూడరని మా అల్లుడి స్నేహితులు చెప్పగా విని వెళ్ళాను. మైదానంలో చూసింది, తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను.

ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంటినుంచి కారులో అరగంట లోపే. ఆర్లింగ్టన్ డల్లాస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ నడుమ ఉంటుంది. ఫ్రీవే దిగగానే పెద్ద స్టేడియాలు మూడు దగ్గర దగ్గరగా కనబడతాయి. ఒకటి డల్లాస్ కౌబాయ్స్ వాళ్ళు ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట) ఆడే ఏటీ అండ్ టీ స్టేడియం. 2009లో తెరిచారు, 80 వేల సీట్లు. రెండోది 2020లో తెరిచిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్, 40 వేల పైచిలుకు సీట్లు. మూడోది ఎర్ర ఇటుకలతో ముచ్చటగా ఉండే పాత స్టేడియం. 1994 నుంచి 2019 దాకా రేంజర్స్ ఆడింది అందులోనే. దానికి పైకప్పు లేదు. టెక్సాస్ ఎండల్లో జనం కూర్చోలేకపోతున్నారని రోడ్డుకి ఇవతల కొత్తది కట్టారు. పాతదాన్ని కూల్చలేదు. బేస్‌బాల్ డైమండ్ తీసేసి ఫుట్‌బాల్‌కీ సాకర్‌కీ పనికొచ్చేలా మార్చారు. ఇప్పుడు దాని పేరు చోక్టా స్టేడియం. పార్కింగ్ నుంచి నడిచేటప్పుడు ఆ ఇటుక గోడల దగ్గర కాసేపు ఆగండి. ఈ దేశంలో ఏ ఆట తగ్గిందో, ఏ ఆట పెరిగిందో అక్కడ కంటికే కనబడుతుంది.

లెక్కలు కూడా అదే చెబుతాయి. చూడ్డానికి మీకు బాగా ఇష్టమైన ఆట ఏదని 1948లో గాలప్ సంస్థ అమెరికన్లని అడిగితే 39 శాతం మంది బేస్‌బాల్ అన్నారు, 17 శాతం మంది ఫుట్‌బాల్ అన్నారు. 1972కల్లా ఫుట్‌బాల్ ముందుకెళ్ళిపోయింది. వాషింగ్టన్ నుంచి ఒక బేస్‌బాల్ జట్టు బయల్దేరి ఆర్లింగ్టన్‌కి వచ్చి టెక్సాస్ రేంజర్స్ అని పేరు పెట్టుకున్నది కూడా సరిగ్గా ఆ 1972లోనే. అంటే ఈ ఊరికి ఈ జట్టు వచ్చేటప్పటికే బేస్‌బాల్ మొదటి స్థానం పోగొట్టుకుంది. 2023 చివర్లో గాలప్ మళ్ళీ అడిగితే ఫుట్‌బాల్ 41 శాతం, బేస్‌బాల్ 10, బాస్కెట్‌బాల్ 9.

ఆ శాతాలు చూసి మైదానం ఖాళీగా ఉంటుందనుకోకండి. 2023లో ఈ ఒక్క స్టేడియానికే 25 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. పక్కనున్న కౌబాయ్స్ స్టేడియం నిలబడి చూసేవాళ్ళతో కలిపి 90 వేలు దాటినా, అక్కడ ఏడాదికి లీగ్ మ్యాచ్‌లు జరిగేది ఎనిమిదో తొమ్మిదో. ఇక్కడ 81. ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తానికి 17 మ్యాచ్‌లు ఆడితే బేస్‌బాల్ జట్టు 162 ఆడుతుంది. ఫుట్‌బాల్ వీళ్ళకి జాతర, బేస్‌బాల్ వాకిట్లో రోజూ పెట్టే ముగ్గు. నీకు బాగా ఇష్టమైనది ఏదని అడిగితే ఎవరైనా జాతర పేరే చెబుతారు.

మొత్తం లీగ్ లెక్క చూసినా పడటం, లేవడం రెండూ ఉన్నాయి. మేజర్ లీగ్ (బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై లీగ్) మైదానాలకి వచ్చిన జనం 2007లో 7.95 కోట్లు, అది ఇప్పటికీ రికార్డు. 2022కి 6.45 కోట్లకి పడిపోయింది. 2023లో ఒక్కసారిగా 7 కోట్లు దాటి, ఆ తర్వాత రెండేళ్ళూ కొద్దికొద్దిగా పెరిగింది. టీవీ వైపు వెళ్తే ఇంకో కథ. 1978లో వరల్డ్ సిరీస్‌ని (ఏడాది చివర్లో ఛాంపియన్ ఎవరో తేల్చే మ్యాచ్‌లు) సగటున 4.4 కోట్ల మంది చూశారు. 2023లో అదే వరల్డ్ సిరీస్‌ని చూసింది సగటున 91 లక్షల మంది, అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ 2023 సిరీస్ గెలిచింది ఎవరనుకున్నారు? ఈ రేంజర్స్ జట్టే, అరిజోనా మీద. దేశమంతా టీవీ కట్టేసుకున్న ఆ సిరీస్ ముగిసిన రెండు రోజులకి ఆర్లింగ్టన్ వీధుల్లో జరిగిన విజయోత్సవానికి లక్షల మంది వచ్చారు. స్కూలు పిల్లలు నాన్నల భుజాలెక్కి కూర్చున్న ఫొటోలు ఇప్పటికీ ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్నాయి. నా అభిప్రాయం ఏమంటే, బేస్‌బాల్ దేశం ఆటగా తగ్గింది, ఊరి ఆటగా తగ్గలేదు. రెండు పెద్ద నగరాలు, పేరున్న ఆటగాళ్ళు తోడైతే దేశం కూడా తిరిగి చూస్తుంది. 2025 నవంబరులో డాడ్జర్స్, టొరంటో జట్ల ఏడో మ్యాచ్ 11 ఇన్నింగ్స్ దాకా వెళ్తే, ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్లు దాటి చూశారు. జపాన్, కెనడా వాళ్ళు దానికి అదనం.

ఇక స్టేడియం లోపలికి. పైకప్పు విస్తీర్ణం ఐదున్నర ఎకరాలు. కావాలంటే తెరుస్తారు, లేదంటే మూస్తారు. మూసినా కొంత భాగం వెలుతురు దిగేలా ఉంటుంది కాబట్టి గోడౌన్‌లో కూర్చున్నట్టు అనిపించదు. జులై, ఆగస్టుల్లో మూసే ఉంచి ఏసీ వేస్తారు. అనంతపురంలో ఏప్రిల్ ఎండలో గ్రౌండ్‌కి సున్నం గీతలు గీసినవాడిగా చెబుతున్నాను, టెక్సాస్ ఎండ తక్కువదేం కాదు. బయట 38 డిగ్రీలుంటే లోపల మా ఆవిడ శాలువా కప్పుకుంది. పెద్దవాళ్ళకి ఒక పల్చటి స్వెట్టర్ పట్టుకెళ్ళండి. ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో సాయంత్రం మ్యాచ్ దొరికి, కప్పు తెరిచి ఉంటే మాత్రం అది అదృష్టం. ఆకాశం రంగు మారుతుంటే కింద దీపాల వెలుగులో బంతి తెల్లగా లేవడం చూడాలి.

మైదానం కొలతల గురించి మా అల్లుడికి కూడా తెలియని సంగతి ఒకటి ఉంది. బ్యాటర్ నిలబడే చోటినుంచి ఎడమ వైపు కంచెకి 329 అడుగులు. ఆ సంఖ్యలో 29 ఉంది, అది ఈ జట్టు పాత ఆటగాడు ఏడ్రియన్ బెల్ట్రే జెర్సీ నంబరు. నడిమి కంచెకి 407, చివరి 7 క్యాచర్ ఐవాన్ రోడ్రిగెజ్‌ది. కుడి వైపు 326, అందులో 26 పాత మేనేజర్ జానీ ఓట్స్‌ది. తమకు సేవ చేసినవాళ్ళని నేల కొలతల్లో ఇలా గుర్తుపెట్టుకోవడం నాకు ఎంతగానో నచ్చింది. బయట పిచర్ నోలన్ రయన్ విగ్రహం ఉంది. 1991 మేలో, 44 ఏళ్ళ వయసులో, ఆర్లింగ్టన్‌లోనే ఎదుటి జట్టుకి ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా మ్యాచ్ అంతా విసిరాడాయన. అలా చేయడం ఆయనకది ఏడోసారి. పిల్లల్ని తీసుకెళ్తే ఆ విగ్రహం ముందు నిలబెట్టి ఈ మాట చెప్పండి. గడ్డి మాత్రం అసలుది కాదు, కృత్రిమం. పచ్చగడ్డి వాసన కోసం చూసే నాలాంటివాళ్ళకి అది లోటే. కానీ మూసిన కప్పు కింద గడ్డి బతకదు కదా.

గడియారం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మీరు చూసే బేస్‌బాల్ నాలుగైదేళ్ళ కిందటి బేస్‌బాల్ కాదు. 2021లో 9 ఇన్నింగ్స్ మ్యాచ్‌కి సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టేది. పిచర్ బంతి పట్టుకుని నిలబడేవాడు, బ్యాటర్ పక్కకి వెళ్ళి గ్లౌజు పట్టీ బిగించుకునేవాడు, మళ్ళీ వచ్చేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు. ఆట కూడా మారిపోయి ఉండేది. అందరూ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కోసమే బలంగా ఊపేవాళ్ళు, తగలకపోతే స్ట్రైక్, అలా మూడైతే ఔట్, దాన్నే స్ట్రైకౌట్ అంటారు. 2018లో మేజర్ లీగ్ చరిత్రలో మొదటిసారిగా హిట్ల కంటే స్ట్రైకౌట్లు ఎక్కువయ్యాయి. బంతి మైదానంలోకే రాకపోతే ఫీల్డర్లు తొమ్మిది మంది ఎందుకు? జనం ఎందుకు?

2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో విసరడం మొదలుపెట్టాలి. రన్నర్ ఉంటే మొదటి ఏడాది 20, ఇప్పుడు 18. దాటితే అంపైర్ బ్యాటర్‌కి లాభంగా ఒక ‘బాల్’ కలుపుతాడు, అవి నాలుగైతే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్తాడు. బ్యాటర్ 8 సెకన్లు మిగిలి ఉండగానే సిద్ధంగా ఉండాలి, లేకపోతే స్ట్రైక్. బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెద్దవి చేశారు. పిచర్ ఊరికే బేస్ వైపు తిరిగి రన్నర్‌ని బెదిరించడానికి హద్దు పెట్టారు. బేస్‌ల దగ్గర నిలబడే ఇన్‌ఫీల్డర్లు నలుగురిలో ముగ్గురో అందరూనో ఒకే వైపుకి జరిగి నిలబడే ఎత్తుగడని కూడా ఆపేశారు. ఆ ఏడాదే సగటు సమయం 2 గంటల 40 నిమిషాలకి దిగింది. ఏడాదికి రెండున్నర వేల లోపున్న బేస్ దొంగతనాలు (బ్యాటర్ బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం) మూడున్నర వేలు దాటాయి.

ఈ బేస్ దొంగతనమే నాకు ప్రాణం. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ చేయి బంతిని వదిలేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. ఇక్కడ ముందే నాలుగడుగులు బయటికి వచ్చి నిలబడవచ్చు. మా పిల్లలకి నేను చెప్పేవాణ్ణి, బంతిని చూడొద్దు అమ్మా, పిచర్ తుంటి చూడు అని. మొదటి బేస్ వైపు సీట్లు తీసుకుంటే ఇదంతా మీ కళ్ళ ముందే జరుగుతుంది. రన్నర్ మడమ ఎత్తుతాడు, పిచర్ మెడ తిప్పకుండా ఓరగా చూస్తాడు, వెనక గోడ మీద గడియారం ఆరు, ఐదు, నాలుగు అని దిగుతుంటుంది. అక్కడ పుట్టే టెన్షన్ టీవీలో కనబడదు, ఎందుకంటే కెమెరా పిచర్ ముఖం మీద ఉంటుంది, రన్నర్ కాళ్ళ మీద ఉండదు. బేస్‌బాల్‌లో ఏమీ జరగదని తిట్టేవాళ్ళకి ఒక లెక్క చెప్పాలి. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 2010లో గడియారం పట్టుకుని చూస్తే మూడు గంటల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతి ఆటలో ఉండేది 11 నిమిషాలే. 2013లో బేస్‌బాల్‌కి అదే లెక్క వేస్తే దాదాపు 18 నిమిషాలు వచ్చింది. తేడా ఎక్కడంటే, ఫుట్‌బాల్ ఖాళీలు టీవీ వాళ్ళ రీప్లేలకి సరిగ్గా సరిపోయాయి. బేస్‌బాల్ ఖాళీలు చూసేవాడు తనే ఆలోచనతో నింపుకోవాలి.

మా పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నారు, ఒళ్ళో స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిలు. ప్రతి బంతికీ గీత గీస్తున్నారు. నేను కూడా మా స్కూల్లో ఆ పుస్తకం రాసినవాణ్ణే కాబట్టి మాట కలిసింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, మా మనవడు మధ్యలో అందించాడు. స్ట్రైకౌట్‌కి కే అక్షరం, చూస్తూ నిలబడిపోయి ఔటైతే అదే అక్షరం తిరగేసి రాయడం, ఇద్దరిదీ ఒకటే పద్ధతి. ఆయన 1994 ఆగస్టు సంగతి చెప్పారు. ఆటగాళ్ళు సమ్మె చేశారు, సీజన్ మధ్యలో ఆగిపోయింది, 1904 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ జరగలేదు. కోటీశ్వరులు కోటీశ్వరులతో కొట్లాడుతుంటే నేనెందుకు చూడాలని చాలా కాలం మైదానం వైపు రాలేదన్నారు. 1998లో మెక్‌గ్వైర్ 70, సోసా 66 హోమ్ రన్‌లు కొట్టినప్పుడు మళ్ళీ టీవీ ముందు కూర్చున్నారట. తర్వాత స్టెరాయిడ్ల సంగతి బయటపడేసరికి ఆ సంతోషం కూడా చేదైందన్నారు. 2011 అక్టోబరు గురించి చెప్పేటప్పుడు పెన్సిలు పక్కన పెట్టేశారు. సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, రేంజర్స్ టైటిల్‌కి ఒక్క స్ట్రైక్ దూరంలో నిలిచారు, ఒకసారి కాదు రెండుసార్లు. రెండుసార్లూ జారిపోయింది, మ్యాచ్ పోయింది, మర్నాడు సిరీస్ పోయింది. పన్నెండేళ్ళ తర్వాత గెలిచినప్పుడు కూతుర్నీ మనవళ్ళనీ తీసుకుని ఊరేగింపుకి వెళ్ళారట. ఆ రోజు నా పక్కన నాన్న కూడా ఉంటే బాగుండేదని అన్నారు. మా మనవడు అది నాకు తెలుగులో చెప్పాక, నేను ఆయన చేయి పట్టుకున్నాను.

తిండి సంగతి. మాంసం తినేవాళ్ళకి బూమ్‌స్టిక్ అని రెండడుగుల హాట్‌డాగ్ ఉంది, నలుగురు పంచుకోవాలి. శాకాహారులకి నాచోస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్, పిజ్జా. ధరలు అమెరికా స్టేడియాలన్నిటిలో ఉన్నట్టే. మేము వెళ్ళినప్పుడు స్పష్టంగా కనబడే ప్లాస్టిక్ సంచీలో ఇంటి తిండి తెచ్చుకోనిచ్చారు, మా ఆవిడ చిత్రాన్నం కట్టింది. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోండి. కానీ నేను చెప్పదల్చుకున్నది చెనక్కాయల గురించి. బేస్‌బాల్ మైదానంలో వేయించిన చెనక్కాయలు పొట్టుతో సహా అమ్ముతారు. పొట్టు కాళ్ళ దగ్గరే పడేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మాది చెనక్కాయ జిల్లా. మా పొలాల్లో కె-6 కాయ చిన్నది, నూనె పుష్కలం. ఇక్కడిది వర్జీనియా రకం, కాయ పొడుగు, గింజ లావు, ఉప్పు నీటిలో నానబెట్టి వేయిస్తారు. రుచిలో మా కాయకే నా ఓటు, నమలడానికి మాత్రం వీళ్ళ కాయ బాగుంది. మా ఆవిడ ఒక్క సంచీ అంతా వలిచి మనవడికి పెట్టింది. వలవడానికి చేతులూ చూడ్డానికి కళ్ళూ విడివిడిగా పనిచేసే ఆట ఇది, అందుకే పెద్దవాళ్ళకి నప్పుతుంది.

మధ్యలో చుక్కల పందెం పెడతారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కల వేషాలు వేసుకున్నవాళ్ళు మైదానంలో పరుగెడతారు, ఒక్కో వైపు జనం ఒక్కో రంగుకి అరుస్తారు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి ఒళ్ళు విరుచుకుని పాట పాడతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ లేవడం చాలా మంచిది.

టీవీ సంగతి చెప్పకపోతే ఈ ఆట ఎందుకు తగ్గిందో సగమే చెప్పినట్టు. ఇంట్లో కూర్చుని రోజూ చూద్దామనుకుంటే మాకు సాధ్యపడలేదు. మా అల్లుడు డబ్బు కట్టే స్ట్రీమింగ్ సర్వీసులో ఊరి జట్టు మ్యాచే రాలేదు. మ్యాచ్‌లు చూపించే హక్కులు ఏళ్ళ తరబడి ప్రాంతీయ కేబుల్ చానళ్ళ చేతుల్లో ఉండేవి. జనం కేబుల్ తీసేయడంతో వాటిలో పెద్దదాన్ని నడిపే డైమండ్ స్పోర్ట్స్ గ్రూప్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. 2025 నుంచి రేంజర్స్ సొంతంగా చానల్ పెట్టుకున్నారు. శుక్రవారం ఒక యాప్, ఆదివారం ఇంకో యాప్, ప్లేఆఫ్‌లకి వేరే చానల్. పైగా వరల్డ్ సిరీస్ రాత్రి పూట పెడతారు. 1971లో మొదటిసారి అలా ఒక మ్యాచ్ పెట్టి చూశారు, జనం బాగా చూశారని తర్వాత అన్నీ రాత్రికే జరిపారు. తూర్పు తీరంలో ఆట ముగిసేసరికి అర్ధరాత్రి అవుతుంది. పదేళ్ళ పిల్లాడు నిద్రపోయాక జరిగిన ఆట వాడికి ఎలా ఇష్టమవుతుంది?

పిల్లల గురించే నా బాధంతా. మా అమ్మాయి ఇంటి దగ్గర పార్కులో చక్కటి బేస్‌బాల్ గ్రౌండ్లు ఉన్నాయి. కోచ్ వచ్చే రోజు తప్ప ఖాళీ. ఊరికే బ్యాటు, బంతి తీసుకుని నలుగురు పిల్లలు వచ్చి ఆడటం నేను చూడలేదు. బాగా ఆడే పిల్లల్ని ట్రావెల్ టీమ్ అని డబ్బు కట్టి చేర్పించాలి, శని ఆదివారాలు వేరే ఊళ్ళకి తీసుకెళ్ళాలి, హోటల్ ఖర్చు, ప్రైవేటు కోచ్ ఫీజు. డబ్బున్న ఇంటి పిల్లలకే అది కుదురుతుంది. నల్లజాతి అమెరికన్ ఆటగాళ్ళు 1991లో మేజర్ లీగ్‌లో 18 శాతం ఉండేవాళ్ళు, ఈ మధ్య 6 శాతం దగ్గర ఉన్నారు. జాకీ రాబిన్‌సన్ 1947లో నల్లజాతివాళ్ళకి తలుపు తెరిచిన ఆటలో ఇలా జరగడం నన్ను కలచివేసింది. ఆ ఖాళీని నింపింది డొమినికన్ రిపబ్లిక్, వెనిజువెలా, క్యూబా పిల్లలు. స్టేడియంలో మన వెనక వరసలో స్పానిష్ వినబడితే ఆశ్చర్యపోకండి, ఈ జట్టుకి వాళ్ళే సగం ఊపిరి. మా స్కూల్లో ఒక టీముకి సరిపడా గ్లౌజులతో రెండు టీములని ఆడించేవాళ్ళం. ఇన్నింగ్స్ మారగానే గ్లౌజు తీసి ఎదుటి పిల్ల చేతికి ఇచ్చి పరుగెత్తేవాళ్ళు. అలా ఆడినా నేషనల్స్‌కి వెళ్ళారు. ఆటకి కావాల్సింది తక్కువ. పిల్లలకి అది అందకుండా ఖరీదు పెంచేస్తే, సీట్లో కూర్చునేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు?

ఇంకో మైదానం గురించి కూడా మన వాళ్ళకి చెప్పాలి. ఆర్లింగ్టన్ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో మేజర్ లీగ్ క్రికెట్ ఆడే స్టేడియం ఉంది. 2024 జూన్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే. టెక్సాస్ సూపర్ కింగ్స్ మ్యాచ్‌కి వెళ్తే చుట్టూ తెలుగే వినబడుతుంది. ఆ స్టేడియం 2008లో కట్టింది బేస్‌బాల్ కోసం. ఎయిర్‌హాగ్స్ అనే చిన్న లీగ్ జట్టు ఆడేది, అది మూతపడ్డాక క్రికెట్‌కి మార్చారు. మన క్రికెట్ వచ్చిందని నాకు సంతోషంగానే ఉంది. కానీ చిన్న ఊళ్ళలో, చిన్న లీగ్‌లలో బేస్‌బాల్ అలా ఒక్కో గడప దాటి వెళ్ళిపోతుంటే, పిల్లలు మొదటిసారి ఆట చూసే చోటే పోతోంది. వీలైతే మన పిల్లల్ని రెండింటికీ తీసుకెళ్ళండి. క్రికెట్ తెలిసిన పిల్లాడికి బేస్‌బాల్ అర్థం కావడానికి మూడు ఇన్నింగ్స్ చాలు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. ఆర్లింగ్టన్‌లో మామూలు సిటీ బస్సులు, రైళ్ళు లేవు, కారే గతి. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే మంచిది. స్టేడియానికి దూరంగా ప్రైవేటు స్థలాల్లో చౌకగా దొరుకుతుంది కానీ ఎండలో పెద్దవాళ్ళని అంత దూరం నడిపించకండి. మేము ఒక టికెట్ యాప్‌లో కొంటే చివర్లో ఫీజులు కలిపేసరికి మొదట చూపిన ధరకి పొంతనే లేదు. చివరి మొత్తం చూశాకే డబ్బు కట్టండి. మంగళ, బుధవారాల మ్యాచ్‌లకి టికెట్లు చౌక, రద్దీ తక్కువ. పై అంతస్తు సీట్లు చౌకే, అక్కడినుంచి ఫీల్డింగ్ అమరిక మొత్తం కనబడుతుంది, కానీ మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ సమస్య ఉంటే కింది అంతస్తులో వెనక వరసలు తీసుకోండి, నడవా పక్కనే దిగొచ్చు. ఏ సీటయినా మొదటి బేస్ వైపు. చెవులకి శబ్దం ఎక్కువనిపించేవాళ్ళు దూది పెట్టుకోండి, అమెరికాలో ఏ స్టేడియంలోనైనా పాటలు గట్టిగానే పెడతారు.

కొన్ని ఆదివారాలు మ్యాచ్ అయిపోయాక పిల్లల్ని మైదానంలోకి పంపి బేస్‌ల చుట్టూ పరుగెత్తనిస్తారు. మనవళ్ళు, మనవరాళ్ళు ఉంటే ఆ ఆదివారం ఏదో ముందే కనుక్కుని టికెట్లు తీయండి. సీజన్ మార్చి చివరినుంచి సెప్టెంబరు చివరిదాకా ఉంటుంది. ఎండాకాలం సెలవులకని వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్ళే మన పెద్దవాళ్ళకి ఏదో ఒక వారం కుదరకపోదు.